అవ్వ ఇచ్చిన మాట

మా చెల్లెలు బళ్లో నాటకాల టీచరు. ఆమెకు కావలసిన మాస్కులు చేసిపెట్టేది నేను. పాత పేపర్లు నానబెట్టి, మైదా జిగురు కలిపి, అచ్చు మీద అతికించి ఆరబెడతాను. మా వంటింటి గట్టు మీద పాలగిన్నె పక్కన ఎప్పుడూ ఎవరో ఒక ముసలాయన ముక్కు ఆరుతూ ఉంటుంది. నా మాస్కులు సగం మొహానికే వస్తాయి. నోరు వదిలేస్తాను, పిల్లలు మాట్లాడాలి కదా.

ఆ క్లాసుకి కొన్ని పద్ధతులున్నాయి. అద్దం ముందు నిలబడి మాస్కు పెట్టుకోవాలి, అందులో కనబడే మనిషిని కాసేపు చూడాలి, ఆ మనిషిగానే ఇటు తిరగాలి. రాసిచ్చిన మాటలు ఉండవు, అప్పటికప్పుడు కల్పించుకోవాలి. అన్నిటికన్నా పెద్ద రూలు ఒకటుంది. ఎదుటివాడు ఏమన్నా కాదనకూడదు. వాడు వాన పడుతోందంటే నువ్వు గొడుగు విప్పాల్సిందే. ‘ఎక్కడ పడుతోంది?’ అన్నావంటే ఆట అక్కడే చచ్చిపోతుంది. ఇక మాస్కులో అన్న మాట గురించి మాస్కు తీశాక ఎవరూ నిలదీయకూడదు. ఈ రూళ్లన్నీ పెట్టింది మా చెల్లెలే. రూళ్లు పెట్టేవాళ్లకి వాటిని పాటించే ఓపిక తక్కువని నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె కూతురూ అదే క్లాసులో చదివేది. సన్నటి కాళ్లు, చప్పుడు చెయ్యని నడక. అందుకే ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఆ ఏడు వాళ్ల అమ్మా నాన్నా విడిపోయారు. తిట్టుకుని, కొట్టుకుని కాదు. మా మరిది చెడ్డవాడంటే నా కళ్లు పోతాయి. ఇద్దరికీ చెప్పుకునే మాటలు అయిపోయాయి, అంతే. అతను వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. ఎవరి దగ్గర ఉండాలో పిచ్చుకే చెప్పాలి, పరీక్షలయ్యేదాకా ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మా చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఈ ఒక్క విషయంలో నోరు కట్టుకుంది. పిల్ల ఫోనులో నాన్నతో నవ్వుతూ మాట్లాడితే చాలు, ఇక్కడ దీనికి గుండె దడ.

“అక్కా, అది వెళ్లిపోతుంది,” అని నా దగ్గర కూర్చుని ఏడ్చేది.

“అంత బాధయితే అడిగెయ్యవే.”

“అడగనని మాటిచ్చాను కదా.”

కొత్తగా చేసిన అవ్వ మాస్కు ఇవ్వడానికి ఒకరోజు నేనే బడికి వెళ్లాను. బల్లలన్నీ గోడవారకి నెట్టేశారు. పిచ్చుక ఆ మాస్కు తీసుకుని అద్దం ముందుకి వెళ్లింది. ఇటు తిరిగేసరికి నడుం వంగింది, దవడ ఆడుతోంది, ఎవరిదో స్వెట్టర్ చుట్టి చంకలో మూటలా పెట్టుకుంది.

“ఒరేయ్, నా బస్సేదిరా? పొద్దున్నుంచీ కూచుని కూచుని నడుం పట్టేసింది. మీ తాతైతే ఈపాటికి ఆ బస్సుని భుజాన మోసుకొచ్చేవాడు.”

క్లాసంతా పడీపడీ నవ్వింది. ఇంట్లో మాటకి మాట కొసరి అడిగితే గానీ పెదవి విప్పని పిల్ల. ఎదురుగా ఆడాల్సిన కుర్రాడు నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. దాంతో మా చెల్లెలే బుర్రమీసాల కండక్టర్ మాస్కు పెట్టుకుని ముందుకొచ్చింది.

“ఎక్కడికవ్వా?”

“పై ఊరికి, మా వాడి దగ్గరికి.”

“ఆ బస్సు రద్దయింది.”

“అదేలే, నా మోకాలు పొద్దున్నే చెప్పింది.”

“రేపూ లేదు. ఇక ఆ ఊరికి బస్సులే లేవు.” చెల్లెలి గొంతు సన్నబడింది. అది కండక్టర్ గొంతు కాదని నాకు తెలిసిపోయింది. “మరి ఇక్కడే ఉండిపోతావా?”

మూట మీద పిచ్చుక వేళ్లు బిగుసుకున్నాయి.

“ఉండిపోతా నాయనా.”

“నా దగ్గరేనా?”

“నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటాను?”

పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులంటే నాకే చిరాకేస్తుంది.

ఆ సాయంత్రమే చెల్లెలు మరిదికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

“అది నా దగ్గరే ఉంటానంది. దాని నోటితోనే అంది.”

ఎక్కడ అందో, ఎలా అందో చెప్పలేదు. సరే, దాని ఇష్టం అన్నాడట అతను. పిల్ల కోసం అక్కడి బడిలో మాట్లాడి ఉంచిన సీటు వదిలేసుకున్నాడు. దాని కోసమే చూసిన రెండు గదుల ఇల్లూ వద్దని, ఆఫీసు పక్కన ఒంటిగదిలో దిగాడు. ఇక్కడ మా చెల్లెలు పిచ్చుక గదికి రంగులు వేయించే పనిలో పడింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను వెక్కిరించాను గానీ, ఆ మాట చెల్లదే అని గట్టిగా చెప్పలేదు. దాని మొహంలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది. ఆర్పడానికి నాకు నోరు రాలేదు.

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజు పిచ్చుక తన గదిలో నాన్నతో ఫోన్ మాట్లాడి వంటింట్లోకి వచ్చింది. మేమిద్దరం అక్కడే ఉన్నాం.

“ఇక్కడ ఉంటానని నేనెప్పుడన్నానమ్మా?”

“ఆ రోజు క్లాసులో అన్నావు కదే.”

“అన్నది అవ్వ. కండక్టర్ అడిగితే అవ్వ కాదనకూడదు కదా.”

మా చెల్లెలు స్టవ్ ఆపేసింది. పిల్ల గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“నేను ఇవాళ చెబుదామనుకున్నానమ్మా, నీ దగ్గరే ఉంటానని. ముందు నాన్నకి నేనే చెప్పి, ఆయన నొచ్చుకోకుండా చెప్పి, తర్వాత నీకు చెబుదామని. ఎలా చెప్పాలో ఎన్నిసార్లు అనుకున్నానో.”

పిచ్చిది, మా చెల్లెలి మొహం విచ్చుకుంది. చెయ్యి చాచి, “మరింకేం తల్లీ, ఉండు,” అంది.

“ఎలా ఉండను? నాకేం కోపం లేదు, సెలవులకి రా చాలు అన్నాడు నాన్న. తను ఫోన్ పెట్టేశాననుకున్నాడు గానీ పెట్టలేదు. ఏడుస్తున్నాడమ్మా. తను వద్దని నేనన్నట్టు నువ్వు చెప్పేశావు. ఇప్పుడు నేను వెళ్లకపోతే అదే నిజమైపోతుంది.”

“ఇప్పుడే ఫోన్ చేస్తాను. తప్పు నాదేనని చెబుతాను.”

“నా గురించి ఇంక నువ్వేం చెప్పొద్దు,” అంది పిచ్చుక, మెల్లగానే.

పిల్లని తీసుకెళ్లడానికి మరిది వచ్చాడు. “ఇరుకు గదే వదినగారూ, మధ్యలో తెర కట్టి సర్దుతాను,” అని నాతో చెప్పుకున్నాడు, తప్పు చేసినవాడిలా. బట్టలన్నీ మా చెల్లెలే మడతపెట్టి సూట్‌కేసులో సర్దింది. గుమ్మంలో పిచ్చుక వాళ్లమ్మని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. వాళ్ల నాన్న సామాను కారులో పెట్టి, తల తిప్పుకుని నిలబడ్డాడు.

నాకు ఆగలేదు. చెల్లెలి చెవి దగ్గర వంగి, “ఒక్కసారి ఉండమని అడిగి చూడవే,” అన్నాను.

“అడిగితే ఉండిపోతుందక్కా,” అంది అది. “అందుకే అడగను.”