జీప్నీ రేకుల నక్షత్రం

ఫిలిప్పీన్స్‌లోని మా సాన్ పాబ్లోలో సెప్టెంబరు రాగానే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. ఆ నెలలోనే మా అమ్మ సెలియా మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి, ప్లాస్టిక్ చెట్టుకు దుమ్ము దులిపి, వసారాలో నిలబెట్టేది. ఆ ఏడాది నవంబరు సగం గడిచినా పెట్టె బయటికి రాలేదు. నాన్న అలా ఉంటే అమ్మకు చేతులు ఆడలేదు.

నాన్న పేరు తియోడోరో, ఇంటిపేరు మనలో. వీధివాళ్లకు మాంగ్ దోరో, అంటే దోరో బాబాయి. జీప్నీలకు రంగులు వేయడం ఆయన పని. జనం ఎదురెదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుని వెళ్లే ఆ పొడవాటి స్టీలు బండ్ల ఒంటి మీద నలభై ఏళ్ల పాటు అగ్నిపర్వతాలు, కోడిపుంజులు, బాల యేసు బొమ్మలు, యజమానుల పిల్లల పేర్లు వేశాడు. ఆయన రాసిన ప్రతి అక్షరానికీ నీడ ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఆ పేరు రేకు మీద నుంచి లేచి మన మీదికి వస్తున్నట్టే ఉంటుంది.

పాత బండ్లు పోయి, తెల్లగా, నున్నగా ఉండే కొత్త ఏసీ బండ్లు రావడంతో ఆయన పనిచేసే షెడ్డు మూతపడింది. ఆ రోజు కుంచెలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి, బీరువా మీద పడేశాడు. తర్వాత ఏడాది పాటు వసారాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. పలకరిస్తే ఊఁ అన్నాడు.

నవంబరు చివరి ఆదివారం పాసింగ్ పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క, పక్కిల్లే. కెనడా నుంచి కొడుకు పంపిన ఎనిమిదడుగుల తెల్ల చెట్టు ఆమె ముందు గదిలో దూది మంచు కప్పుకుని అప్పటికే వెలుగుతోంది. చెట్టుకు చెమట పడుతుందేమోనన్నట్టు పక్కనే ఫ్యాను కూడా పెట్టింది.

"సెలియా, వీధంతా దీపాలు పెట్టారు. మీ గుమ్మం ఒక్కటే పన్ను ఊడిన నోరులా ఉందే" అంది పెద్దమ్మ. "మా పాత ప్లాస్టిక్ నక్షత్రం ఉంది. ఒక కాలు విరిగిందిలే, అయినా వెలుగుతుంది. ఇవ్వనా?"

"చూద్దాంలే అక్కా" అంది అమ్మ, గిన్నె తోముతూనే. ఆ గిన్నెను అవసరమైన దానికన్నా చాలాసేపు తోమింది.

నాన్న అన్నీ వింటూనే ఉన్నాడు. తల తిప్పలేదు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఊరి బండ్లన్నిటినీ సింగారించిన మనిషి ఇంటికి కాలు విరిగిన నక్షత్రమా!

నేను బడిపంతులమ్మను. మా బడి వెనకాల పాత ఇనుము కొట్టు ఉంది. తర్వాతి బుధవారం సాయంత్రం అటుగా వస్తుంటే, గోడకు ఆనించిన ఒక పొడవాటి ఎర్ర రేకు కనిపించింది. దాని మీద 'ట్రినిడాడ్' అని పసుపు అక్షరాలు, నీలి నీడ. ఆ చేతిరాత నేను పలకా బలపం పట్టక ముందు నుంచీ నాకు తెలుసు. అది మా వీధిలోని మాంగ్ ఆంబో నడిపిన జీప్నీ. ట్రినిడాడ్ ఆయన భార్య. కింద వరసగా ముగ్గురు కూతుళ్ల పేర్లు. పక్కనే బండి ముక్కు మీద ఉండే స్టీలు గుర్రం, రంగురంగుల చిన్న దీపాలు, అద్దం బిళ్లలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నీ తూకం వేయించి, మూడు చక్రాల బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

నాన్న చూశాడు. ముఖం నల్లబడింది.

"శవాన్ని ఇంటికి తెచ్చావేమిటే ఫెలీ?"

"నక్షత్రం చేద్దామని నాన్నా."

"తీసుకెళ్లి ఎక్కడ తెచ్చావో అక్కడే పడెయ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ రేకును పెరట్లోకి ఈడ్చుకెళ్లి, సుత్తీ మేకూ పట్టుకుని కూర్చుంది.

"కోళ్ల గూటికి పైకప్పు కావాలి. ఇది సరిగ్గా సరిపోతుంది" అని గట్టిగా, ఇంట్లోకి వినబడేటట్టు చెప్పి, మేకును ట్రినిడాడ్ పేరు పక్కన ఆనించింది.

"ఆగు! ఆగవే!" నాన్న చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అక్కడ కొడతావా మేకు? అది మూడు పూతల ఎరుపు. ఒక్కో పూతా ఆరడానికి రెండ్రోజులు పట్టింది. నీకేం తెలుసు?"

"నాకేం తెలుస్తుంది? కోళ్లు తడుస్తున్నాయి" అంది అమ్మ.

ఆయన సుత్తి లాక్కున్నాడు. రేకు ముందు గొంతుక్కూర్చుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. అక్షరాల మీద బొటనవేలు పెట్టి మెల్లగా నడిపించాడు. తల ఎత్తి, "రేకు కత్తెర ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

అమ్మ తలవంచుకుని మేకులు ఏరుకుంది. కోళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి మా పెరడు షెడ్డయిపోయింది. రేకంతా వాడితే బరువుకు దూలం విరుగుతుందని వెదురు బద్దలతో చట్రం కట్టి, ఐదు కొనలకు మాత్రమే స్టీలు తొడిగాడు. నడిమి గుండ్రానికి అమ్మమ్మ ఇంటి పాత కిటికీ తలుపు విప్పి, అందులో గాజుకు బదులు ఉండే పల్చటి ఆల్చిప్ప పలకలు అమర్చాడు. వాటి వెనక దీపం పెడితే పాలలో తేనె కలిపినట్టు ఉంటుంది వెలుగు. అంచుల వెంబడి అద్దం బిళ్లలు. మా వైపు కట్టే నక్షత్రానికి కింద రెండు తోకలుండాలి కదా, వాటికి రేకు సన్నగా కొయ్యాల్సి వచ్చింది. కత్తెర పేర్ల దాకా వచ్చి ఆగింది.

"పేర్లు కొయ్యకూడదు" అన్నాడు. ఒక తోకను అలాగే వెడల్పుగా వదిలేశాడు. ట్రినిడాడ్ కింద ముగ్గురు కూతుళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నారు.

గీతలు పడిన చోట మళ్లీ రంగు వేయాలి. ఏడాది తర్వాత కుంచె పట్టాడు. గీత వంకరపోయింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మళ్లీ వేశాడు, మళ్లీ వంకరపోయింది. మూడోసారి కూడా తుడిచాక కుంచె కింద పెట్టేశాడు. ఆయన లేచి, మొహం కడుక్కుని, ఒక కప్పు కాఫీ తాగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నాలుగోసారి గీత ఈ చివర నుంచి ఆ చివరకు తాడు లాగినంత తిన్నగా వెళ్లింది.

"ఆఁ" అన్నాడు తనలో తనే. ఆ ఒక్క ముక్క విని అమ్మ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

నాన్న లేవడంతో ఇల్లూ లేచింది. అమ్మ కొబ్బరాకులతో చేపలు, పిట్టలు అల్లి కిటికీలకు వేలాడదీసింది. వసారా గోడకు రంగుల చాప బిగించాం. మూలన కొబ్బరిచిప్పలతో పశువులపాక కట్టి, మరియమ్మ, జోసెఫు మట్టి బొమ్మలు నిలబెట్టాం. వాళ్ల పక్కన జీప్నీ స్టీలు గుర్రాన్ని పెట్టాడు నాన్న. అది జోసెఫుకు రెండింతలుంది.

పాసింగ్ పెద్దమ్మ కంచె మీదుగా తొంగిచూసింది. "ఏమయ్యా దోరో, ఇల్లు సింగారిస్తున్నావా, బండి నిలబెడుతున్నావా? పసిబిడ్డ యేసు దగ్గర గుర్రానికేం పని?"

"నక్షత్రం చూసుకుంటూ ముగ్గురు రాజులు అంత దూరం నడిచొచ్చారా వదినా?" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.

మాకు నవ్వాగలేదు. ఏడాది తర్వాత ఆయన వేసిన మొదటి చతురు అది.

డిసెంబరు పదిహేను, తెల్లవారితే క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు చర్చిలో జరిగే వేకువ పూజల్లో మొదటిది. ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా నక్షత్రాన్ని గుమ్మం ముందు దూలానికి కట్టి, పాత బండి బ్యాటరీకి తీగ కలిపాడు నాన్న. ముందు ఆల్చిప్ప నడుమ మెత్తగా వెలిగింది. తర్వాత అంచున ఎర్ర దీపాలు, పసుపు దీపాలు వరసగా పరిగెత్తాయి. స్టీలు కొనలు వాటిని పట్టుకుని వీధి రెండు వైపులా విసిరాయి. ఆడుకునే పిల్లలు ఆగిపోయారు. ఎదురింటి వాళ్లు అన్నం పళ్లేలతోనే బయటికొచ్చారు.

అప్పుడే మాంగ్ ఆంబో పని ముగించుకుని వస్తున్నాడు. ఇప్పుడాయన కొత్త ఏసీ బండి నడుపుతున్నాడు, ఒంటి మీద నీలం యూనిఫారం. నక్షత్రం కింద నిలబడి టోపీ తీశాడు.

"దోరో, ఇది నా బండి" అన్నాడు.

"నీ బండే" అన్నాడు నాన్న.

"తుక్కుకు ఇచ్చిన రోజు వెనక్కి తిరిగి చూడలేదయ్యా. చూస్తే ఇవ్వలేనని" అంటూ గిరుక్కున తిరిగి, వచ్చిన దారినే దాదాపు పరిగెత్తాడు. కాసేపటికి భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ట్రినిడాడ్ ఇంటి చెప్పులతోనే వచ్చింది, చేతులకు ఇంకా పిండి అంటుకుని ఉంది. తోక మీద తన పేరు, కూతుళ్ల పేర్లు చదువుకుంది.

"ఇరవై ఆరేళ్లు ఊరంతా తిరిగి తిరిగి నలిగిపోయాను. ఇప్పటికి నన్నొక చోట కుదురుగా పెట్టావు దోరో" అంది. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వుతూనే పిండి చేతులతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నక్షత్రమంతా మళ్లీ పైనుంచి కిందికి వెతికింది.

"అవునూ, మా అందరి పేర్లూ రాశావు. నీ పేరేది?"

నాన్న తడబడ్డాడు. "రంగులేసేవాళ్ల పేర్లు ఎవరు రాస్తారు? షెడ్డు పేరే కదా వేసేది."

"ఇప్పుడు షెడ్డేదీ? రాయి. మేం చూస్తుండగా రాయి."

"రాయవయ్యా!" అన్నాడు మాంగ్ ఆంబో. వెనక నుంచి ఇంకో నలుగురు అదే అన్నారు. కంచె అవతలి నుంచి పాసింగ్ పెద్దమ్మ గొంతు కూడా వినబడింది. "రాయి దోరో, సిగ్గుపడతావేం కొత్త పెళ్లికొడుకులా!"

నేను స్టూలు తెచ్చాను. అమ్మ కుంచె అందించింది. కింది కొనల్లో ఒకదాని మీద, పసుపు అక్షరాలతో, నీలి నీడతో, నాన్న తన పేరు రాసుకున్నాడు: తియోడోరో మనలో. నలభై ఏళ్లలో మొదటిసారి. గీత ఎక్కడా వంకరపోలేదు. దిగి రెండడుగులు వెనక్కి వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని, తల పక్కకు వంచి చూసుకున్నాడు.

"నీడ బాగా పడింది" అన్నాడు.

ఆ వారంలోనే మరో ముగ్గురు డ్రైవర్లు తమ పాత బండ్ల రేకులు మోసుకొచ్చారు. "ఈ ఏడాదికి మూడే. తొందరపెడితే ఒక్కటీ చెయ్యను" అని గట్టిగా చెప్పాడు నాన్న, షెడ్డులో పెద్ద మేస్త్రీ మాట్లాడినట్టు.

కానీ నాకు బాగా గుర్తున్నది నక్షత్రం వెలిగించిన మర్నాటి ఉదయం. వేకువ పూజ ముగించుకుని, అరిటాకుల్లో వేడివేడి బియ్యపు రొట్టెలు పట్టుకుని జనం మా వీధిన ఇళ్లకు పోతున్నారు. మా గుమ్మం ముందు ఆగని వాళ్లు లేరు. అమ్మ చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది గానీ ఒక్క ఆకు ఊడిస్తే ఒట్టు. ఎవరో పొరుగూరి మనిషి, చేతిలో సంచీతో, బస్సు కోసం హడావుడిగా పోతున్నాడు. నక్షత్రం వైపు చూడను కూడా లేదు.

అమ్మ అతన్ని ఆపింది.

"ఏమండీ, ఒక్క నిమిషం ఇటు చూడండి" అంది. "అది మా ఆయన చేశాడు."

ఆ మనిషి సంచీ కింద పెట్టి, తల పైకెత్తి చూశాడు.