వదిన పడుకుంది

జడ వేసుకుందామని చెయ్యి ఎత్తితే సగంలోనే ఆగిపోయింది. దువ్వెన కింద పడింది. పేపరు చదువుకుంటున్న మా ఆయన "ఏంటా చప్పుడు?" అన్నాడే గాని తల తిప్పలేదు.

నేను పిల్లలకి ఈత నేర్పుతాను. ఎండాకాలం సెలవులిస్తే చాలు, అమ్మానాన్నలు పిల్లల్ని తెచ్చి నేను పనిచేసే ఈతకొలనులో దింపిపోతారు. పొద్దున్నే ఒక బ్యాచ్, సాయంత్రం ఇంకో బ్యాచ్. భయంతో మెడకి వేలాడే పిల్లల్ని ఒంటిచేత్తో తేల్చి పట్టుకోవాలి. మధ్యాహ్నం ఇంటికొస్తే తోమని గిన్నెలు, ఆరెయ్యని బట్టలు, నా కూతురు, సెలవులకి వచ్చిన ఆడపడుచు, ఆమె పిల్లలు. మా ఆయన బళ్ళో లెక్కల మాస్టారు, ఆయనకీ సెలవులే. "నీళ్ళలో ఆడుకుని జీతం తెచ్చుకుంటుంది" అని స్నేహితుల ముందు అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. అత్తగారు ఉన్న రోజుల్లో "నా కూతురు ఏడాదంతా అక్కడ చాకిరీ చేసి వస్తుంది, ఇక్కడ పుల్ల కూడా తియ్యకూడదు" అనేది. న్యాయమే. ఆమె తియ్యని పుల్ల ఎవరు తీస్తారన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

డాక్టరమ్మ నా భుజం అటూ ఇటూ తిప్పి చూసింది. "లోపల వాచింది. కొన్నాళ్ళు నీళ్ళలోకి దిగొద్దు, బరువులెత్తొద్దు. ఇంట్లో కూడా" అంది, చివరి మాట దగ్గర నా మొహంలోకి చూస్తూ. కొలను మేనేజరు నా బ్యాచ్‌లు వేరేవాళ్ళకి అప్పగించి, పోయి పడుకోమన్నాడు. ఇంట్లో ఎవరినడిగి పడుకోవాలో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం ఎడమచేత్తో గిన్నెలు తోముతుంటే ఆడపడుచు వచ్చి కుళాయి కట్టేసింది.

"డాక్టరేమంది వదినా?"

చెప్పాను. నా చేతిలో పీచు లాక్కుని, టీవీ ముందున్న అన్న ఒళ్ళో పెట్టింది.

"నేను విశ్రాంతికి వచ్చాను. వదినని డాక్టరు విశ్రాంతి తీసుకోమంది. మిగిలింది నువ్వే అన్నయ్యా."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నన్ను గదిలోకి తీసుకెళ్ళి చిక్కు తీసి జడ వేసింది. "మా ఇంట్లో జ్వరమొచ్చి పడుకున్నా నా గది తలుపు మూసేవాళ్ళు లేరు వదినా" అంది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

వంటగదిలోంచి "సబ్బెక్కడుంది?" అని ఆయన గొంతు. "వెతుక్కో. వదిన పడుకుంది" అని ఆమె గొంతు. కళ్ళు మూసుకున్నాను, నీళ్ళు ఆగలేదు.

తర్వాత రోజూ అంతే. ఆయన రెండు గ్లాసులు పగలగొట్టాడు, ఆపైన అలవాటు పడ్డాడు. నాకు భుజం ఒక్కటే నొప్పి అనుకున్నాను. పడుకోవడం మొదలుపెట్టాక నడుము, పిక్కలు, కళ్ళు, ఒక్కొక్కటీ తన గోడు చెప్పుకున్నాయి. ఇన్నేళ్ళూ నన్ను మోసిన ఒళ్ళు. దానికి ఒక్కనాడూ మంచి మాట చెప్పిన పాపాన పోలేదు.

ఆడపడుచు తన ఇంటికి వెళ్ళే రోజు గట్టిగా వాటేసుకున్నాను, రెండు చేతులతో. వచ్చే సెలవులకి తొందరగా రమ్మన్నాను. ఎప్పుడూ అనే మాటే, ఈసారి మనసారా అన్నాను.

మర్నాడు కొలనుకి వెళ్ళాను. చెయ్యి హాయిగా లేచింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిని, మంచమెక్కాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"నొప్పి తగ్గిందన్నావుగా?"

"తగ్గింది."

"మరి పడుకున్నావేంటి?"

"అలిసిపోయాను."

లేస్తానేమోనని కాసేపు చూశాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.