కాచి చల్లార్చిన నీళ్ళు

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. అయినా నర్సరీలో నా పని మొక్కల్ని అట్టపెట్టెల్లో సర్దడం. మొక్కలు పెంచే గదిలో ఒక ఉద్యోగం ఖాళీ కాబోతోందని తెలిసి అడిగితే, నర్సరీ నడిపే పెద్దమేడమ్ నా చేతిలో ఒక కూజా మొక్క పెట్టారు.

"ఇంట్లో పెంచి చూపించు. కూజాలు ఎర్రగా రంగు తేలితే ఆ ఉద్యోగం నీది. లేదంటే పెట్టెలే."

అది పురుగుల్ని తినే మొక్క. ఆకు కొసన కూజాలాంటి తిత్తి వేలాడుతుంది. దానికి ఎరువు పడదు, మామూలు మట్టి పడదు, కుళాయి నీళ్ళలోని ఉప్పు అసలే పడదు. నాచులో నాటి, వెలుతురు బాగా తగిలే కిటికీలో పెట్టాను. వాననీళ్ళు బకెట్‌లో పట్టి మూత పెట్టాను. కొన్నాళ్ళకు కొత్త కూజా అంచు ఎర్రబారింది. అందులో ఈగ పడితే అన్నయ్య పగలబడి నవ్వాడు.

"ఒకరి మీద పడకుండా తన తిండి తనే సంపాదించుకుంటోందే! నాకంటే నయం."

"నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు, సంతోషం," అంది అమ్మ.

తర్వాత ఆకుల కొసలు మాడాయి. ఎండ ఎక్కువైందేమోనని పరదా వేశాను. ఉన్న కాస్త ఎరుపూ పోయింది. కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. గీకితే సున్నంలా రాలింది. అనుమానం వచ్చి బకెట్ మూత తీశాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

"అమ్మా, ఇవేం నీళ్ళు?"

"కుళాయివే, కాచి చల్లార్చా. కప్పు మీంచి కారిన మురికినీళ్ళు పోస్తావేంటే పసిదానికి? అవి ఎప్పుడో పారబోశా."

"కాస్తే క్రిములు చస్తాయమ్మా. ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది."

అమ్మ నిర్ఘాంతపోయింది. "మరి నిన్ను ఆ నీళ్ళతోనే కదే పెంచాను?"

బకెట్‌లో నీళ్ళు పారబోశాను.

వాన జాడ లేదు. బ్యాటరీల కొట్లో ఉప్పులేని డిస్టిల్డ్ వాటర్ కొని తెచ్చి నాచంతా కడిగాను. అప్పటికే చిగురు మెత్తబడిపోయింది.

మొక్కను నర్సరీకి పట్టుకెళ్తే పెద్దమేడమ్ దాని మొదలు నొక్కి చూశారు. వేలికి నల్లటి జిగురు అంటింది.

"వేరు కూడా పోయింది. ఏం పోశావమ్మా?"

"నీళ్ళేనండి." అమ్మ మాట ఎత్తబుద్ధి కాలేదు.

"నీళ్ళు పోయడం రాకపోతే ఆ గదిలో ఎలా పెట్టుకోను, చెప్పు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలేదాన్నేమో.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఇంకో మొక్క ఇస్తారా?"

"ఇవ్వరమ్మా."

అమ్మ నా మొహంలోకి చూడకుండానే తిండి పెట్టింది.

మర్నాడు పెట్టెల దగ్గరికే వెళ్ళాను. ఆ గది గుమ్మం ముందు పెట్టె దించి వెనక్కి రావడం నా పని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అనరు కూడా.