బోధన్ గ్రౌండు పేతురు

తాడు బిగించి, దాని వెంబడే సున్నం వదులుతూ పేతురు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఎడమకాలు కురచ కావడంతో నాలుగడుగులకోసారి ఆగి నడుం పట్టుకుంటున్నాడు. గీత మాత్రం ఎక్కడా వంకర పోలేదు. గోడ అవతల చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. గాలి నిండా ఉడికే చెరుకురసం వాసన. అది 1968 డిసెంబరు, చెరుకు ఆడే రోజులు.

పద్దెనిమిదేళ్ల కిందట చెరుకుబండి మీంచి పడి కాలు విరిగాక, ఇక మోపులు ఎత్తలేడని అందరూ వదిలేశారు. ఫ్యాక్టరీ హాకీ టీమువాళ్లే పట్టుబట్టి అతన్ని గ్రౌండు పనిలో పెట్టించారు. అప్పట్నుంచి రోజూ గడ్డి మీద కాలు పెట్టేముందు, చర్చి గడప దగ్గర నిలబడ్డట్టే ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు.

ఇవాళ హైదరాబాదు నుంచి బాపురావు వచ్చాడు. వచ్చే ఏడు పెద్ద టీములు ఆడే పోటీలు ఏ ఊళ్లో పెట్టాలో తేల్చేది ఆయనే. సాయంత్రం ఫ్యాక్టరీ టీముకూ నిజామాబాదు టీముకూ జరిగే ఆట చూసి చెప్తానన్నాడు.

"గ్యాలరీ లేదు. టీములు దిగడానికి లాడ్జీ లేదు. నిజామాబాదులో అన్నీ ఉన్నాయి" అన్నాడు నోటుబుక్కులో రాసుకుంటూ.

పేతురు చేతుల సున్నం దులుపుకున్నాడు. "కుర్సీలు లెవ్వు సార్. మావోళ్లు నిలవడే సూస్తరు. ఆటగాళ్లను ఇండ్లల్ల దించుకుంటం. మా ఇంట్ల ఇద్దరు పడతరు. మా శారమ్మ జొన్నరొట్టె మంచిగ చేస్తది."

బాపురావు నవ్వాడు గానీ ఆ మాట రాసుకోలేదు.

సైరన్ మోగింది. పని దిగినవాళ్లు సైకిళ్లు తోసుకుంటూ వచ్చారు. బండ్లవాళ్లు ఎద్దులను విప్పి, చెరుకు గడల మీదికెక్కి కూర్చున్నారు. టోపీల మరాఠీ రైతులు, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు గీత చుట్టూ మూడు వరసలు కట్టారు.

చివరి అయిదు నిమిషాల దాకా గోలు పడలేదు. అప్పుడు నిజామాబాదు లింగం ఎడమపక్క నుంచి దూసుకొచ్చి, ముగ్గుర్ని తప్పించి బంతిని గోల్లోకి కొట్టాడు. గీత చుట్టూ ఉన్నవాళ్లు తలలు పట్టుకున్నారు.

"వారెవ్వా! ఏం కొట్టినవ్ బిడ్డా!"

అరిచింది పేతురు. ఆ వెంటనే చప్పట్లు మొదలై బండ్ల మీదికి పాకాయి. బోధన్ ఓడిపోయింది. ఉడికించిన పల్లికాయ అమ్మే గంగుబాయి లింగం దోసిట్లో రెండు పిడికిళ్లు పోసింది.

"మీవాళ్లు ఓడిపోయారు కదయ్యా, బాధ లేదా?" అన్నాడు బాపురావు.

"ఉన్నది సార్. ఇయ్యాల బువ్వ సయించదు. గని గసొంటి గోలు మా గ్రౌండ్ల పడ్డది. గది మాకు తక్వనా?"

బాపురావు నోటుబుక్కు మూశాడు. "పోటీలు ఇక్కడే పెడదాం. గ్యాలరీ కట్టించొచ్చు. ఈ జనాన్ని కట్టించలేం."

పేతురు ఆయనకు దండం పెట్టాడు. కదిలిపోతున్న జనం వైపు తిరిగి మళ్లీ పెట్టాడు. "స్తోత్రం దేవా" అనుకుంటూ, మర్నాటి ప్రాక్టీసు బంతులకు రంగు వెయ్యడానికి షెడ్డుకు నడిచాడు.

పొద్దు ఇంకా గుంకలేదు. ఫ్యాక్టరీ టీము కెప్టెన్ దేవిదాస్ వెతుక్కుంటూ వచ్చేసరికి పేతురు షెడ్డు గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని ఉన్నాడు. నిద్రేమో అనుకున్నాడు.

"పేతురన్నా" అని భుజం తాకాడు. ఆ భుజం మెల్లగా పక్కకు ఒరిగింది.

శారమ్మ వచ్చి భర్త తలను ఒళ్లోకి తీసుకుంది.

"కాలు ఇరిగిననాడే పోవల్సినోడు. మీరందరు గిన్నేండ్లు బతికిచ్చుకున్నరు నాయినా" అంది దేవిదాస్ చెయ్యి పట్టుకుని.

వాళ్ల పక్కనే అరుగు మీద, డబ్బా మూతల్లో పెట్టిన మూడు బంతులకు తెల్లరంగు ఆరుతోంది. నాలుగోది సగం తెల్లగా, సగం తోలురంగులోనే ఉంది.