సుతిలితో కట్టిన కప్పు

పొద్దుగాల జనగామల అడ్తి దుకాణం షట్టరు లేపంగనే శ్రీశైలం సేటు మొదలు దేవుని పటానికి ఊదుబత్తి ముట్టిస్తడు. తర్వాత స్లాబు దిక్కు చూస్తడు. ఆడ ఆయన కప్పులు తేలుతుంటయి. అన్నీ ఏటేటా చిట్యాల ఫుట్‌బాల్ పోటీల గెలిచినవే. సుతిలితో గల్లాపెట్టెకు కట్టిపెట్టిండు గని, ఫ్యాన్ వేస్తే ఒకదానికొకటి తాకి టంగుటంగుమంటయి.

చిట్యాల కప్పు సంగతి అందరికీ ఎరుకే. పట్టుకున్నోడు ఆటల ఎంత అలిసిపోతే అంత బరువుంటది, వదిలినంక గూడ అట్లనే ఉంటది. సేటు పట్నం నుంచి ఆటగాళ్లను తెస్తడు. వాళ్లకు ఏసీ బస్సు, బాదంపాలు, కాళ్లు పిసకనీకె ఒక మనిషి. చెమట పట్టకుండ గెలుస్తరు. కప్పు పైకి లేస్తది.

"సేటూ, మిర్చి రేటు తర్వాత చెప్పు గని, ముందు నీ కప్పు ఎగిరిపోతున్నది చూసుకో" అని రైతులు నవ్వుతుంటే పాపం ఆయనకు అన్నం సయించకపోతుండె.

ఈ యేడు సేటుకు ఒక ఉపాయం తట్టింది. ఎంతైనా వ్యాపారి కదా! దుకాణంల లేని సరుకు బయట కొనాలె. బస్తాలు మోసే హమాలీ ధన్‌సింగ్‌ను పిలిచిండు.

"నీ అంత అలిసిన మనిషిని నేను ఏడ చూడలేదుర. నా టీముల ఆడు. బూట్లు, భోజనం నావి."

"ఫైనల్‌కు మా పెద్దవంగర తండా టీమే వచ్చింది సేటూ. గోల్ కాడ నిలబడేది మా తమ్ముడు చాంద్యా."

"ఆట ఆటే."

ధన్‌సింగ్ కాలు ఎన్నడూ బూటు ఎరుగదు. సరేనన్నడు.

ఇంట్ల చాంద్యా మొఖం మాడ్చుకున్నడు. "సేటు పైసలతోని మమ్మల్ని గెలుస్తవా భియా?"

"బూట్లు సేటువి. ఉరుకుడు నాదే కదర."

"అది కప్పు చెప్తది. నీ చేతుల తేలిందనుకో, మల్ల మన తండా గ్రౌండుల కాలు పెట్టకు."

వాళ్ల తల్లి, యాడీ రాధాబాయి, రొట్టె తిరగేసుకుంట ఉన్నది. ఇద్దరికీ రెండు పళ్లాలు దూరం దూరం పెట్టింది. అదే ధన్‌సింగ్‌కు గుచ్చుకున్నది.

ఫైనల్ రోజు పొద్దున కూడ సేటు అతనితో పత్తి బస్తాలు లోడు చేయించిండు, అలసట తక్కువ పడొద్దని! చిట్యాలల పట్నం ఆటగాళ్లు తమ వాకిట్ల తిరిగినట్టు తిరిగిన్రు. తండా పిల్లలు పానం పెట్టి ఆడిన్రు. రెండు దిక్కులా గోల్ పడలేదు. ధన్‌సింగ్ ఒక్కడే ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికి ఉరికి, ఆఖరికి ఒక్క దెబ్బ కొట్టిండు. చాంద్యా దుంకిండు. వేళ్లకు తాకి బాల్ లోపటికి పోయింది. తమ్ముడు మట్టిల అట్లనే పండుకున్నడు. అన్న గూడ పోయి పక్కన ఒరిగిండు. లేచే ఓపిక ఇద్దరికీ లేదు.

సేటు టీము కెప్టెన్ పట్టుకోంగనే కప్పు గాలిల లేసింది. సేటు జేబుల నుంచి సుతిలి తీసిండు.

"ధన్‌సింగ్, నువ్వు పట్టుర!"

పట్టిండు. వానకు తడిసిన పత్తి బస్తా లెక్క కప్పు కిందికి గుంజింది.

"చూసిన్రా! బరువు!" అని సేటు ఎగిరి తానందుకున్నడు. మల్ల లేసింది. "సరే, నువ్వు రోజూ దుకాణంల పట్టుకొని నిలబడు. జీతం పెంచుత."

ధన్‌సింగ్ కప్పు మల్ల తీస్కున్నడు. భుజానికెత్తుకుందామంటే ఒక్కనితోని లేవలేదు. చాంద్యా మట్టి దులుపుకుంట వచ్చి కప్పు రెండో చెవి పట్టుకున్నడు.

"అబ్బో! నాకు గూడ బరువే ఉన్నది భియా."

"నువ్వు ఓడినవ్ కదర."

"ఆ ముచ్చట దానికి చెప్పు."

ఇద్దరు మోసుకుంట తండా బస్సు దిక్కు నడిచిన్రు.

"అరే, నా కప్పు!"

"పైకి లేవకుండ ఆపగలిగితే తీస్కపో సేటూ" అన్నడు ధన్‌సింగ్, ఎగతాళి లేకుండ, అలసటగ.

సేటు చేతుల సుతిలిని చూసుకున్నడు. చుట్టచుట్టి జేబుల పెట్టుకున్నడు.

ఇంటికాడ రాధాబాయి కప్పును ఇటూ అటూ చూసి, "గాలి లేస్తున్నది, మిర్చి మీద కప్పిన పట్టా ఎగురుతది, దాని మీద పెట్టుండ్రి" అన్నది. పెట్టిన్రు. ఒక్క పళ్లెంలనే ఇద్దరికీ రొట్టెలేసింది.

తెల్లారి, రోజూ పనికి ఎక్కే జనగామ బస్సు తండా కాడ ఆగి హారన్ కొట్టింది. పట్టా కదలలేదు. ధన్‌సింగ్ అటు తిరిగి పండుకున్నడు.