పన్నెండో జత

బందరులో సైకిలు తొక్కడం రానివాళ్ళంతా కలిసి ఒక సైకిలు సంఘం పెట్టుకున్నారని మస్తాన్ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని దాచుకునే అలవాటు అతనికి లేదు. చిలకలపూడిలో గిల్టు నగలకు తను అచ్చులు చెక్కే షెడ్డులో, టీ కొట్టు బల్ల మీద, చివరికి మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ కూడా అదే మాట చెప్పేవాడు.

అందులో అన్యాయం పెద్దగా లేదు. డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చి దివిసీమ కొట్టుకుపోయినప్పుడు, లారీలు వెళ్ళలేని దారిలో మస్తాన్ సైకిలు వెనక బియ్యం మూట, ముందు అగ్గిపెట్టెల సంచీ కట్టుకుని నాగాయలంక దాకా మూడుసార్లు వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. బురదలో సైకిలు భుజానికెత్తుకున్న చోట్లున్నాయి, ముక్కుకు గుడ్డ కట్టుకున్న చోట్లున్నాయి. ఆ రోజుల్లో ఈ సంఘం పెద్దలు ఎవరి డాబా మీద వాళ్ళు కూర్చుని రేడియో వింటున్నారు. సరిగ్గా ఏడాది తిరిగాక సంస్మరణ సభలో నరసింహం గారు లేచి, "సేవకు సైకిలే సాధనం" అని గంటసేపు ఉపన్యసించి, అక్కడికక్కడే సంఘం స్థాపించి, తనే అధ్యక్షుడయ్యారు. ఆయన తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన సైకిలెక్కగా చూసినవాళ్ళు లేరు. బంట్రోతు తోసుకొస్తుంటే తను పక్కన నడిచేవారు.

సంఘానికి సైకిళ్ళ కంటే నిబంధనలు ఎక్కువ. ఖాకీ నిక్కరు, తెల్ల కాన్వాసు బూట్లు, నెత్తిన టోపీ తప్పనిసరి. యాభై దాటిన మోకాళ్ళను ఊరంతా చూసి తరించాలన్నమాట. అధ్యక్షులవారిని ఎవరూ దాటకూడదు. చేరిన వరసలో జతలు జతలుగా తొక్కాలి. జతలో ఒకడు రాకపోతే రెండోవాడు ఆ చోటు ఖాళీగా వదిలి తన వైపునే తను తొక్కాలి తప్ప, మధ్యకు జరగకూడదు, ముందు జతలో దూరకూడదు. ఈల ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే ఎక్కాలి, మూడుసార్లు మోగితే మంచినీళ్ళు తాగాలి. దాహం వేసిందా లేదా అన్న సంగతి ఈల చూసుకుంటుంది.

"నాకు దాహమేస్తే నేను తాగుతా. దానిక్కూడా ఒకడు ఈల ఊదాలా?" అనేవాడు మస్తాన్.

అలాంటి మస్తాన్ డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో తనంతట తను వెళ్ళి ఖాకీ నిక్కరు కుట్టించుకున్నాడు. అందుకు కారణం అతని భార్య ఖుర్షీదా.

పెళ్ళై తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. ఆ విషయంలో ఆమె ఎన్నడూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆమె బాధ వేరే ఉంది. సెలవు వస్తే చాలు, ఈ మనిషి సైకిలేసుకుని గూడూరో, దివిసీమ పక్క శ్రీకాకుళమో, ముదినేపల్లో ఒక్కడే వెళ్ళిపోతాడు. సినిమాకి వెళ్దామంటే, "నువ్వు రిక్షాలో వచ్చెయ్, నేను ముందెళ్ళి అక్కడుంటా" అంటాడు. నడిచినా అంతే, ఆమెకు పది అడుగుల ముందు నడుస్తాడు. డిసెంబరులో గుడివాడలో ఆమె చెల్లెలు లతీఫా నిఖా జరిగింది. ఇంటి పెద్దల్లుడు గుమ్మంలో నిలబడి పెళ్ళివారికి అత్తరు రాసి లోపలికి తీసుకెళ్ళాలి. బంధువులంతా వ్యానులో వెళ్తే మస్తాన్ సైకిలు మీద వెళ్ళి అందరికంటే ముందు చేరాడు. వంటవాళ్ళ దగ్గరే ఇంత బిర్యానీ పెట్టించుకు తిన్నాడు. పెళ్ళివారు దిగే వేళకి తిరిగి బందరు దారి పట్టాడు. అత్తరు పళ్ళెం ఎదురింటాయన పట్టుకోవలసి వచ్చింది.

ఖుర్షీదా ఆ తర్వాత బందరు రాలేదు. మస్తాన్ నాలుగుసార్లు వెళ్ళి పిలిచాడు, నాలుగుసార్లూ ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. రెండు నెలలు గడిచాక ఆమె తండ్రి ఇమామ్ సాహెబ్ పని మీద బందరు వచ్చి, కూతురి మాట అల్లుడికి చేరవేశాడు. ఆయన గుడివాడలో టైలరు. బందరు సైకిలు సంఘం వచ్చే ఆదివారం గుడివాడ వస్తోందని, వాళ్ళకి స్వాగతం తన కొట్టు ముందే ఏర్పాటు చేశారని చెప్పి, నెమ్మదిగా అసలు సంగతికి వచ్చాడు.

"అమ్మాయి ఒకటే మాటంది, మస్తాన్. పదిమందితో కలిసి ఒక్కరోజు రమ్మనండి నాన్నా, ఆ రోజు పెట్టె సర్దుకుని గుమ్మంలో ఉంటానంది. సాయంత్రం బస్సుకి నీతో వచ్చేస్తుంది. నీ సైకిలు బస్సు టాపు మీద వేయిద్దాం. ఇరవై మూడు మైళ్ళు నీకో లెక్కా?"

"మైళ్ళు కాదు మావయ్యా కష్టం, ఆ మనుషులు" అన్నాడు మస్తాన్.

అన్నాడే గాని, రెండు నెలలుగా చల్లబడిన పొయ్యి ముందు కూర్చుని బన్ను రొట్టె తింటున్న మనిషి. అప్పటికప్పుడే వెళ్ళి సంఘంలో పేరిచ్చాడు. కార్యదర్శి దయానందం అనే డ్రిల్లు మాస్టారు ఇరవై నాలుగో సభ్యుడని పుస్తకంలో రాసుకున్నాడు. నరసింహం గారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "చివరికి దారికొచ్చావన్నమాట" అన్నారు. ఇరవై మూడో సభ్యుడు విత్తనాల కొట్టు లక్ష్మయ్య మాత్రం పొంగిపోయాడు. పదకొండు జతల వెనక అన్నాళ్ళూ జత లేకుండా తొక్కుకుంటూ వస్తున్నది ఆయనే.

"ఇప్పటికి నాకో మనిషి దొరికాడయ్యా. ముందువాళ్ళ వీపులు చూసి చూసి విసుగెత్తిపోయింది" అన్నాడాయన.

ఆదివారం ఆరింటికి కోనేరు సెంటరులో బయల్దేరాలి. అధ్యక్షులవారి ఫ్లాస్కులోకి కాఫీ దిగేసరికి ఏడుంబావు అయింది. రెండు ఈలలు మోగాయి, పన్నెండు జతలు కదిలాయి. కదిలాయి అనడమే గాని, కాలవ గట్టు మీద గడ్డిమోపులతో నడుస్తున్న ఆడవాళ్ళు వాళ్ళకంటే ముందున్నారు. అంత నెమ్మదిగా తొక్కుతూ సైకిలు పడిపోకుండా నిలబెట్టడం ఒక విద్యేనని, ఆ విద్య ఎవరికీ పనికిరాదని మస్తాన్‌కి అర్థమైంది. కాళ్ళు ఊరుకోవు. తొక్కితే ముందు జత చక్రం తగులుతుంది, మానితే హ్యాండిలు వంకర్లు పోతుంది. పక్కన లక్ష్మయ్య నోరు మూయడు. తోవ పక్క మినప చేలు చూసి ఏ చేలో ఏ విత్తనం వేశారో, అది తన కొట్లో కొన్నదో కాదో, కాకపోతే ఎట్లా మోసపోయారో చెబుతూనే ఉన్నాడు.

పెడనలో ఒక ఈల. అక్కడ అధ్యక్షులవారు టీ కొట్టువాడికి సంఘం ఆశయాలు వివరించారు. టీ కొట్టువాడు ఇరవై నాలుగు టీలు అమ్ముడుపోయే ఆశయం ఏదైనా మంచిదేనన్నట్టు తలాడించాడు. దయానందం మాస్టారు సైకిలు సీటు మీద పుస్తకం పెట్టుకుని, పెడనలో ఘనస్వాగతం లభించిందని రాసుకున్నాడు. మైలు వెళ్ళారో లేదో మూడు ఈలలు మోగాయి. ఇప్పుడే టీ తాగిన ఇరవై నాలుగు మంది దిగి వరసగా నీళ్ళు తాగారు. మస్తాన్ కూడా తాగాడు. ఖుర్షీదా పెట్టె సర్దుకుని ఉంటుందని గుర్తు చేసుకుంటూ, మందు మింగినట్టు మింగాడు.

అక్కడ్నించి ఇంకొంత దూరం వెళ్ళాక రైలు గేటు వచ్చింది. గేటు తెరిచే ఉంది. పట్టాల మీద మేక పిల్ల ఒకటి తీరిగ్గా నిలబడి ఉంది. నరసింహం గారు ఈల ఊది అందర్నీ ఆపేశారు.

"గుడివాడ పాసింజరు ఇంకా రాలేదు. అది వెళ్ళాకే మనం దాటాలి. అది నిబంధన" అన్నారు.

"గేటు తెరిచుందిగదండీ" అన్నాడు మస్తాన్ వెనకనుంచి.

"ఇరవై నాలుగో సభ్యుడు మాట్లాడాలంటే చెయ్యెత్తాలి" అన్నాడు దయానందం మాస్టారు.

గేటుమనిషి బయటకొచ్చి, బండి గంట లేటని, ఏ భయం లేకుండా దాటొచ్చని చెప్పాడు. అయితే గంట ఆగుదామన్నారు అధ్యక్షులవారు. మిగతా ఇరవై మూడు మందీ సైకిళ్ళు స్టాండు వేసి గట్టు మీద బుద్ధిగా కూర్చున్నారు. ఒకాయన బూట్లు విప్పి కాళ్ళు పిసుక్కున్నాడు. వాళ్ళలో ఒక్కడికి కూడా ఒళ్ళు మండకపోవడం చూసి మస్తాన్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఉండిపోతే ఏం పోతుందో, వెళ్ళిపోతే ఏం పోతుందో అతనికి తెలుసు. తెలిసే సర్దిచెప్పుకున్నాడు. మాట ఇచ్చింది పదిమందితో రావడానికి గాని, మేక పిల్లకి దారివ్వడానికి కాదు. తను ముందు వెళ్ళి, వెనక ఈ బాతుల మంద ఎట్లా వస్తోందో ఖుర్షీదాకి చెబితే ఆమే నవ్వుతుంది, వీళ్ళతో ఎందుకు కలవడో ఆమెకే తెలిసివస్తుంది. తను కూడా సంఘం సభ్యుడే, నిక్కరు ఉంది, టోపీ ఉంది. గంట ముందా వెనకా అన్నది ఒక లెక్క కాదు.

"కూర్చో మస్తానూ, ఇంకో గంటేగా. కారప్పూస తెచ్చా" అన్నాడు లక్ష్మయ్య పొట్లం విప్పుతూ.

మస్తాన్ అప్పటికే సైకిలెక్కాడు. పదకొండు జతల్నీ దాటాడు, అధ్యక్షులవారిని దాటాడు, పట్టాలు దాటాడు. వెనక ఈల మోగింది, మోగుతూనే ఉంది. కౌతరం ఎప్పుడొచ్చిందో, గుడ్లవల్లేరు ఎప్పుడు దాటిందో తెలియలేదు. పొద్దుట్నించీ బిగదీసుకుపోయిన కాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. ఆ ముప్పావు గంటా అతను పూర్తిగా సంతోషంగా ఉన్నాడు, అది ఒప్పుకోవాలి.

గుడివాడలో ఇమామ్ సాహెబ్ కొట్టు ముందు షామియానా, బెంచీలు, నిమ్మకాయ నీళ్ళ బిందె అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పక్క గుమ్మంలో ఆకుపచ్చ రేకు పెట్టె ఉంది. పెట్టె పక్కన ఖుర్షీదా బురఖా వేసుకుని, ముసుగు పైకెత్తి నిలబడి ఉంది. మస్తాన్ దిగ్గానే ఆమె మొహం వెలిగింది. వెంటనే అతని భుజం మీదుగా రోడ్డు చివరిదాకా చూసింది.

"మిగతావాళ్ళేరండీ?"

"వస్తారు, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేలోపు" అని మస్తాన్ మొదలుపెట్టాడు. అతను చెప్పగలడు. మూడు ఈలల నీళ్ళు, పెడన ఘనస్వాగతం, తెరిచిన గేటు దగ్గర కాపలా, గట్టు మీద వరసగా మోకాళ్ళు, అన్నీ ఆడించి చూపించాడు. స్వాగతం ఇవ్వడానికొచ్చిన గుడివాడ వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఇమామ్ సాహెబ్ కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళద్దాలు తీశాడు. ఖుర్షీదా నవ్వలేదు.

"మీ జత ఎవరు?" అని అడిగింది.

"లక్ష్మయ్యని, విత్తనాల కొట్టాయన. వాగుడుకాయ."

"ఆయనకేం చెప్పి వచ్చారు?"

"చెప్పేదేముంది?"

ఆమె పెట్టె పక్కన గుమ్మంలోనే కూర్చుంది.

ఒంటిగంట కావస్తుండగా సంఘం వచ్చింది. ముందు నరసింహం గారు టోపీ చెవుల మీదకి జారి, మొహం కందగడ్డలా అయిపోయి, కళ్ళముందున్న జనాన్ని చూసి ఇంకా నెమ్మదించి, ఊరేగుతున్నట్టు వచ్చారు. ఆయన వెనక జతలు జతలుగా మిగతావాళ్ళు. మస్తాన్ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని అందరికీ కనబడుతూనే ఉంది. అందరికంటే వెనక లక్ష్మయ్య వచ్చాడు. ఎడమ పక్కన ఒదిగి తొక్కుతున్నాడు. ఆయన కుడి పక్కన ఒక సైకిలు పట్టేంత రోడ్డు ఖాళీగా ఉంది. గేటు దగ్గర్నించీ రోడ్డంతా ఆయన ఆ ఖాళీని వెంటబెట్టుకుని వచ్చాడు.

"వచ్చేశావా బాబూ" అంటూ ఆయన సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా మస్తాన్ దగ్గరికొచ్చాడు. "మరీ అంత జోరుగా వెళ్ళావు, ఎక్కడన్నా పడ్డావేమోనని దారంతా కాలవలోకి చూసుకుంటూ వచ్చా. దాంతో ఇంకాస్త ఆలస్యమైంది." నాలుగు కారప్పూస పలుకులు మిగిలిన పొట్లం అతని చేతిలో పెట్టాడు.

మస్తాన్ పక్కకి చూసి ఖుర్షీదాతో, "చూశావా, నే చెప్పలా?" అన్నాడు నవ్వుతూ.

"చూశాను" అంది ఖుర్షీదా లేస్తూ. గొంతు పెంచలేదు. "వాళ్ళు చవటలని మీరు చెప్పక్కర్లేదు, నాకూ కళ్ళున్నాయి. చవటల పక్కన ఇరవై మూడు మైళ్ళు రాలేనివారు, నా పక్కన ఎంతదూరం వస్తారు?"

ఆమె వంగి రేకు పెట్టె ఎత్తుకుంది. బరువుకి ఒక పక్కకి ఒరిగింది. ఇమామ్ సాహెబ్ పట్టుకోబోతే వద్దని తలూపింది. పెట్టెతో పాటు లోపలికి వెళ్ళిపోయింది.

షామియానా కింద భోజనాల ఈల మోగింది. సంఘమంతా చేరిన వరసలో కూర్చుంది. చివర లక్ష్మయ్య తన పక్క విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మస్తానూ, ఇటు" అని పిలిచాడు. పక్క గుమ్మం తెరిచే ఉంది. మస్తాన్ ఒకసారి ఆ గుమ్మం వైపు చూశాడు, ఒకసారి ఈ విస్తర్ల వైపు చూశాడు. అధ్యక్షులవారు చారు వడ్డన ఆపించి మరీ ఉపన్యాసానికి లేస్తున్నారు. అది భరించడం మనిషన్నవాడి వల్ల కాదనుకున్నాడు.

గాలి వెనకనుంచి ఉంది. గుడ్లవల్లేరు, కౌతరం, పెడన, ఎక్కడా ఆగలేదు, ఎవరూ అడ్డం రాలేదు. నాలుగు కొట్టకముందే బందరులో తన వీధిలో దిగాడు. తాళం తీసి లోపలికెళ్ళి, నిక్కరూ టోపీతోనే మంచం మీద కూర్చున్నాడు. అంత తొందరగా ఎందుకొచ్చాడో ఎంత ఆలోచించినా అతనికి అంతుబట్టలేదు.