గొంతులు ఆగిన గ్రూపు

పచ్చి కొత్తిమీర వాసన. వసారా నిండా… చేతుల నిండా.

ఫోను మాత్రం ఉలకదు, పలకదు.

తమిళనాడులోని సూళగిరిలో తన ఇంటి వసారాలో కూర్చుని సుధామణి కట్టలు కడుతోంది. రోజూ ఈపాటికి ఆ ఫోనులోంచి ఎన్ని గొంతులని! ఆంధ్రా నుంచి హోసూరు ఫ్యాక్టరీలకు వచ్చిన ఆడపిల్లలు. అలసిన గొంతులు, అలిగిన గొంతులు, పకపకలు. ఒంటరి సుధామణికి ఆ గొంతులే చుట్టాలు.

ఈరోజు సమ్మె.

పొద్దున విన్న తేజస్విని గొంతే చివరిది. గ్రూపు పెట్టిన పిల్ల. కోపంతో ఊగిపోయింది.

"ఈ యాప్ కంపెనీవాళ్ళు మన మాటలన్నీ తీసుకుపోయి మెషీన్‌కు నేర్పుతారంట, మనల్ని అడక్కుండానే! ఇంక ఈ యాప్‌లో ఎవ్వరూ నోరు మెదపొద్దు. సాయంత్రం ఆరుకి గ్రూపు మూసేస్తా. కొత్తదాంట్లో వాయిస్ పంపడం కుదరదు, రాసుకుందాం. లింకు పంపినా. సుధక్కా, నువ్వూ వచ్చెయ్!"

రాసుకుందాం…

ఆ మాట దగ్గరే సుధామణి ఆగిపోయింది.

ఇంట్లో తెలుగు. బడిలో తమిళం. నోటికి వచ్చిన తెలుగు కంటికి రాలేదు — ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి అంతే. ఆంధ్రా పిల్లలకు ఆ సంగతి తట్టనే లేదు. అంత చక్కగా మాట్లాడే అక్కకు చదవడం రాదని ఎవరనుకుంటారు?

చెప్పొచ్చుగా! నోరు తెరిచి ఒక్క మాట!

సిగ్గు. పాడు సిగ్గు. పైగా సమ్మె… తానొక్కతే నోరు విప్పితే ద్రోహం కాదూ?

కట్ట కట్టింది. విప్పింది. మళ్ళీ కట్టింది.

ఎండ వసారా దిగిపోయింది. హైవే మీద లారీల రొద… ఫోనులో చప్పుడు లేదు.

ఇక ఆగలేకపోయింది.

"తేజూ… తప్పైతే తిట్టమ్మా. నాకు తెలుగు చదవను రాదు. నన్ను ఈడ ఇడిచిపెట్టి పోవద్దండమ్మా."

పంపింది.

ఎవరూ వినలేదు. వినడం కూడా మానేశారు కదా, సమ్మె అంటే సమ్మె!

ఆరయింది. గ్రూపు మాయమైంది.

లింకు నొక్కింది. బిలబిలమంటూ అక్షరాలు… గుండ్రంగా, ముద్దుగా, ఒక్కటీ అంతుచిక్కకుండా. తేజస్విని ఫొటో కింద ఒక వరస. దాని చివర ప్రశ్న గుర్తు. అది మాత్రం తెలిసింది — తమిళంలోనూ అదే.

ఏదో అడుగుతోంది. తననే.

కళ్ళు తుడుచుకుంది. తన తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో ఒక్కొక్కటిగా కూర్చింది.

నేను ఈడే ఉండానమ్మా.

పంపింది.

అవతల తేజస్విని పేరు కింద చుక్కలు కదిలాయి… ఆగాయి.

ఆ పిల్లకు తమిళం చదవడం రాదు.